నాణెం

సాయంత్రం క్లాసుకి పదకొండు మంది వస్తారు.
తొమ్మిది కోట్లు మేకులకి, రెండు ఒంటి మీదే.
ఉలాన్‌బాతర్‌లో మా నేలమాళిగ గదికి
వేడినీళ్ల గొట్టం ఒక గోడకే ఉంది.
ఆ గోడ పక్క కుర్చీల కోసం
ఆరింటి క్లాసుకి ఐదింటికే చేరతారు.

నిన్న రాత్రి పదకొండు వ్యాసాలు దిద్దాను.
పదకొండూ "నేటి ఆధునిక యుగంలో" అని గొంతు సవరించుకుని
"ప్రతి నాణేనికీ బొమ్మా బొరుసూ ఉంటాయి" దగ్గర మలుపు తిరిగి
"కాబట్టి సమతుల్యం అవసరం" అంటూ
చేతులు దులుపుకుని వెళ్లిపోయాయి.
పేర్లు చెరిపేస్తే
ఎవరి కాగితం ఎవరిదో వాళ్ల అమ్మ కూడా పోల్చుకోలేదు.

ఎర్ర పెన్ను నాణెం మీద ఆగింది.
నాణెమా?
ఈ ఊళ్లో చిల్లర చప్పుడు విని ఎన్నేళ్లయింది?
బస్సుకి కార్డు.
కూరగాయలకి గుడ్డపీలికల్లా మెత్తబడ్డ నోట్లు.
మా పిల్లలు పందెం కాస్తే ఎగరేసేది
గొర్రె చీలమండ ఎముక.
దానికి వైపులు రెండు కాదు:
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
ఎప్పుడో ఒకసారి ఏ వైపూ పడకుండా
నిటారుగా నిలబడుతుంది, అందరం అరుస్తాం.

తప్పు వాళ్లది కాదు.
ఆ నలభై వాక్యాల కాగితం అచ్చు వేయించింది నేను.
ఒక్కోటి మూడు వేల తుగ్రిక్‌లకి అమ్మింది నేను.
బడిలో మాకు వేరే నలభై ఉండేవి,
వేరే భాషలో, వేరే జెండా కింద.
అవి అప్పజెప్పే నేను పతకం తెచ్చుకున్నాను.
అరువు సొమ్ము బరువు చేటని తెలిసేసరికి
మెడ వంగడం అలవాటైపోయింది.

ఉరాంచిమెగ్‌ని క్లాసయ్యాక ఉండమన్నాను.
ప్రసూతి ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీకి గంట టైముంది.
వ్యాసం: పల్లెలు విడిచి జనం పట్నం రావడం మంచిదా, చెడ్డదా?
"మీరెందుకొచ్చారు?" అన్నాను, మా భాషలోనే.
జావ్‌ఖాన్‌లో ఆ ఏటి జుడ్ గురించి చెప్పింది.
మూడొందల పశువుల్లో పదకొండు మిగిలాయట.
వాళ్లమ్మ లెక్కపెట్టి,
తప్పు లెక్కేసుంటానని మళ్లీ మొదట్నించి లెక్కపెట్టిందట.
"మంచా చెడ్డా అని
అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు టీచర్."

అది రాయండి, అన్నాను.
"దీనికి మార్కులేస్తారా?"

తెలీదని నిజం చెప్పాను.
ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో
రోజుకి ఎనభై నాణేలు దిద్ది దిద్ది
కళ్లు మంటెత్తి కూర్చుని ఉంటారు.
వాళ్లు ఒక్కసారి తలెత్తితే చాలు.
ఎత్తుతారని హామీ లేదు.

గురువారం తెచ్చిచ్చింది. కోటు జేబులో నాలుగు మడతలు.
చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు,
గడ్డకట్టిన వాగు మీద అడుగులేసినట్టు.
"ఆ ఏడు మంచు రాయైంది.
గడ్డి కింద ఉంది. నోళ్లు పైన ఉన్నాయి."
కాలం ఒకచోట తప్పింది.
ఆర్టికల్ రెండు చోట్ల లేదు.
మా భాషలోనే లేనిది ఎక్కణ్ణించి పట్టుకొస్తుంది?
దిద్దడానికి పెన్ను తీసి
మూత పెట్టేసి
ఇంకోసారి చదువుకున్నాను.

పరీక్ష ఫిబ్రవరిలో.
దుల్గూన్ మాత్రం బల్ల కింద ఆ నలభై ఇంకా వల్లె వేస్తూనే ఉన్నాడు.
పెదాలు కదులుతాయి, నేను చూడనట్టుంటాను.
ఫీజు కోసం ఫోను తాకట్టు పెట్టినవాణ్ణి
ఉత్త చేతుల్తో వెళ్లమని ఎలా చెప్పను?

అమ్ముడుపోని కట్ట బీరువాలో ఉంది.
పారెయ్యలేదు, కాగితం ప్రియం.
వెనక ఖాళీ.
అటు తిప్పి పంచుతున్నాను.